తూనీగకు దొరికిన మూడో చెయ్యి

అనగనగా, గాలులకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, తూర్పు సముద్రపు ఒడ్డున ఒక రేవుపట్నం ఉండేది. అక్కడ పడవలకు మేకులు కొట్టేవారు కారు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొడితే పలకలు కాస్త ఒదిగి, అల పోగానే సర్దుకునేవి.

అలాంటి పడవే తూనీగ. ఏటా కార్తీక పున్నమినాడు జరిగే తెరచాప పందెంలో దాన్ని మించింది లేదు.

దాని మొదటి యజమాని రాకుమారుడు విజయకేతు. మూడేళ్ళు వరుసగా గెలిచి, మురిసిపోయి, దాన్ని కోటలో పందిరి కింద పెట్టించి రంగులు వేయించాడు.

"రాకుమారా, నన్ను నీళ్ళకు దూరం చేయకు" అంది తూనీగ.

"ఎండ తగలకుండా పందిరి వేయించాను. ఇంకేం కావాలి?" అన్నాడతను.

పలకలు ఎండాయి. కుట్లు వదులయ్యాయి. మరుసటి పందెంలో రేవు దాటకముందే నీళ్ళు నిండాయి. రాకుమారుడు సిగ్గుపడి దాన్ని రేవులోని వర్తకుడు రత్నాలశెట్టికి ఇచ్చేశాడు.

"తాళ్ళతో కట్టింది ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని శెట్టి దాని ఒళ్ళంతా ఇనుప మేకులు కొట్టించాడు.

"శెట్టిగారూ, నాకు ఒళ్ళు కదలడం లేదు."

"కదలకూడదనే కదా కొట్టించింది."

ఆయన్ని చూసి ఊరంతా తమ పడవలకు మేకులు దిగగొట్టింది. పందెంలో పెద్ద అల తగిలి తూనీగ పలక ఒకటి చీలింది. తప్పు మేకులది కాదు, పడవదే అన్నారందరూ. శెట్టి దాన్ని తన సున్నపు బట్టీకి కట్టెలుగా పంపమన్నాడు.

పడవలు కుట్టే ముసలి పోలమ్మ ఆ మాట విని పరుగున వచ్చింది.

"బట్టీకి కట్టెలు నేను తెచ్చిస్తాను శెట్టిగారూ. దీన్ని నాకు వదిలెయ్యండి."

శెట్టి నవ్వాడు. "తీసుకో. వచ్చే పందెంలో అందరికన్నా ముందొస్తే నీదే. రాకపోతే బట్టీకే."

పోలమ్మ, ఆమె వదిన ఎర్రమ్మ కలిసి, ఎక్కడ నొప్పో తూనీగను అడుగుతూ మేకులు పీకడం మొదలుపెట్టారు.

"అమ్మా, నొప్పిగా ఉంది" అంది తూనీగ.

"తెలుసు తల్లీ. ఇంకొక్కటే" అంది పోలమ్మ. ప్రతి మేకుకూ అదే మాట చెప్పింది.

చీలిన పలక మార్చారు. మేకుల తూట్లలో పీచు, గుగ్గిలం కూరారు. మూడు రోజులు ఏటి నీళ్ళలో నాననిచ్చి, కొత్త తాడుతో మెల్లగా కుట్టారు.

పందెం రోజున ఎర్రమ్మ వెనకాడింది. "ఇద్దరి వయసూ కలిపితే నూట ముప్పై, పోలీ. జనం నవ్వరూ?"

"నవ్వనీ వదినా. నవ్వే నోటికి చుక్కాని పట్టడం రాదు."

ఆనాడు సముద్రం పోటెత్తింది. మేకుల పడవలు ప్రతి అలకూ గుద్దుకుని కిర్రుమంటూ వెనకబడ్డాయి. తూనీగ మాత్రం అల వచ్చినప్పుడల్లా ఒదిగింది, లేచింది, సాగింది. పందెం మలుపైన దీవిని చుట్టి, మిగతా తెరచాపలు ఇంకా చుక్కల్లా కనిపిస్తుండగానే ఒడ్డు చేరింది.

శెట్టి ఇసుకలో చెప్పులు జారుతుంటే పరుగెత్తుకొచ్చాడు. "ఏం మంత్రం వేశావు పోలమ్మా?"

"మంత్రమేముంది బాబూ. ఎక్కడ నొప్పో అడిగాను, అది చెప్పింది" అంటూ పోలమ్మ తడిసిన పలకలను కొంగుతో తుడిచింది.

పిల్లలూ, దేన్నయినా దక్కించుకున్నవాడు యజమాని మాత్రమే. దాని స్వభావం తెలుసుకుని మసలినవాడే దానికి అయినవాడు.