గుర్రం ట్రైలర్‌కి టైర్లు

సోమయాజిగారు కూర్చుని ఏ ప్రశ్నకీ జవాబు చెప్పేవారు కారు. ముప్పై ఏళ్లు పశువైద్యం బోధించి రిటైరయ్యాక, కోదాడ దాటిన తర్వాత ఎనిమిదెకరాల పొలంలో ముసలి గుర్రాలకు ఒక ఆశ్రయం పెట్టుకున్నారు. ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోసి మోసి కాళ్లు పోయిన గుర్రాలే వాటిలో ఎక్కువ. ఆదివారాలు ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకోవడానికి నలుగురైదుగురు వచ్చేవారు. ఎవరైనా సందేహం అడిగితే ఆయన తను చేస్తున్న పనిలోకి వాళ్లనీ లాగేవారు. చాలామందికి పని తగిలేది గానీ జవాబు దొరికేది కాదు. అయినా వచ్చేవారు.

ఆ ఆదివారం అడిగింది హైమవతి. జూనియర్ కాలేజీ లెక్చరర్, నలభై ఏడేళ్ల మనిషి. నాలుగు నెలల కిందట తమ్ముడు కాలేయం చెడి చనిపోయాడు. ఎన్నో ఏళ్లుగా తాగేవాడు. పెళ్లిళ్లలో అందరికంటే హుషారుగా తిరిగేవాడు కనుక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

"ఇక్కడే ఉంచుతారా, హైదరాబాద్ తీసుకెళ్తారా, మీరే తేల్చండి అన్నారు డాక్టర్లు. ఇక్కడే అన్నాను. మర్నాడు పోయాడు. తీసుకెళ్లి ఉంటే బతికేవాడా గురువుగారూ? నాకు వేదాంతం వద్దు. అవునో కాదో చెప్పండి."

సోమయాజిగారు నోరు విప్పేలోపు నర్సయ్య పరుగెత్తుకొచ్చాడు. "సార్, చమ్కీ పొర్లుతోంది. లేపితే లేస్తోంది, మళ్లీ పడిపోతోంది."

చమ్కీ పదహారేళ్లు నర్సయ్య ఇంటిని పోషించిన ఆడగుర్రం. అది ఇక మోయలేనని మొండికేసిన రోజున దాన్ని ఇక్కడికి తోలుకొచ్చి, వదిలి వెళ్లలేక తనూ ఇక్కడే పనికి కుదిరాడు.

సోమయాజిగారు గుర్రం పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. పొట్టకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. నొప్పికి ఇంజెక్షన్ చేశారు.

"పేగు మెలిపడింది. ఆపరేషన్ చేసేది హైదరాబాద్‌లోనే."

"అయితే ట్రైలర్ తగిలిద్దాం పదండి సార్," అన్నాడు నర్సయ్య.

షెడ్డులో ట్రైలర్ మీది పట్టా లాగారు. రెండు చక్రాల బండి. ఎనిమిదేళ్ల కిందట కొన్నది, నాలుగుసార్లు కూడా రోడ్డెక్కలేదు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒకదాంట్లో గాలి లేదు. ఊళ్లో గూడ్స్ బండ్లవాళ్లకు ఫోన్లు చేశారు. పొర్లే గుర్రమనగానే అందరూ పెట్టేశారు. ఇక చేసేది లేక చక్రాలు రెండూ విప్పి బొలెరోలో వేసుకుని సోమయాజిగారు, హైమవతి హైవే పక్కన మస్తాన్ టైర్ల షాపుకి వెళ్లారు.

మస్తాన్ గాలి పట్టాడు. సగం పట్టేసరికి టైరు పక్కభాగం పగిలి నోరు తెరిచింది. రెండోదాన్ని గుడ్డతో గట్టిగా తుడిచాడు. నలుపు ఊడొచ్చి, కింద ఎండిన చెరువులాగా నెర్రెలు బయటపడ్డాయి.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది సార్ ఇది?"

"దసరాకి దసరాకి నిమ్మకాయలు తొక్కించేవాళ్లం," అన్నారు సోమయాజిగారు. "రెండడుగులు ముందుకి, రెండడుగులు వెనక్కి."

"పసుపు, కుంకుమ, దండ, దాంతోపాటు ఈ పాలిషు! పెళ్లికూతుర్ని చేసి కూర్చోబెట్టారు. నిలబెట్టిన టైరు కూడా ముసలిదవుద్ది సార్, మీ గుర్రాల్లాగే."

"పాలిషు పూసింది నేనే."

మస్తాన్ పగిలిన టైరు పక్కన పడేశాడు. లోపల్నుంచి టైర్లు దొర్లించుకొచ్చాడు.

"ఇవి సెకండ్ హ్యాండ్. సరిగ్గా మీ సైజే. గ్రిప్పు చూడండమ్మా, వేలు దిగుద్ది. కాకపోతే పక్కన అచ్చేసిన సంవత్సరం చూస్తే తొమ్మిదేళ్లవి. పోతే హైదరాబాద్ దాకా పోతాయి, లేకపోతే సూర్యాపేటలో పేలతాయి. లోపల గుర్రం ఉండగా పేలితే ఇక చెప్పేదేముంది. ఇవి కారు టైర్లు, కొత్తవి. రిమ్ముకి పడతాయి గానీ అంత బరువుకి చేసినవి కావు. పాతికలో, ముప్పైలో పోవాలి. నాలుగ్గంటల దారి ఏడు గంటలు పట్టుద్ది. బరువు మోసే అసలు టైర్లు నా దగ్గర లేవు. బెజవాడ నుంచి బస్సులో వేయిస్తా. మూడు గంటలు ఆగాలి."

సోమయాజిగారు హైమవతి వైపు తిరిగారు. "చెప్పు."

"నేనా? టైర్ల గురించి నాకేం తెలుసు?"

"ఆయన చెప్పిందంతా విన్నావుగా. నువ్వే తేల్చు."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా వంగి ఒక్కో టైరునీ నొక్కి చూసింది. వేళ్లతో గంటలు లెక్కపెట్టింది, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. తొమ్మిదేళ్ల టైరు గ్రిప్పులో ఆమె వేలు నిజంగానే దిగింది. దాన్ని పక్కకి నెట్టేసింది.

"బెజవాడవే తెప్పించండి," అంది. "దారిలో దాన్ని చంపుకోలేను."

షాపు ముందు బల్లమీద కూర్చున్న హైమవతికి అరగంటకోసారి నర్సయ్య ఫోన్ చేశాడు. "నడిపిస్తానే ఉన్నానమ్మా. టైర్లు వస్తున్నాయి గదా?" వస్తున్నాయని చెప్పింది. మూడోసారి చేసినప్పుడు, నడవనంటోంది, పక్కనే కూర్చున్నానన్నాడు. నాలుగోసారి టైర్ల గురించి అడగలేదు. సారు భోంచేశాడా అని అడిగి పెట్టేశాడు.

బస్సు నాలుగుంబావుకి వచ్చింది. మస్తాన్ చకచకా బిగించి, గాలి రెండుసార్లు సరిచూసి ఇచ్చాడు. బొలెరో షెడ్డు ముందు ఆగేసరికి నర్సయ్య నేలమీద కూర్చుని ఉన్నాడు. చమ్కీ తల అతని ఒళ్లో ఉంది. కళ్లమీద అతని తువ్వాలు కప్పి ఉంది.

అతను తలెత్తి బండిలో ఉన్న చక్రాలను చూశాడు.

"మంచి టైర్లేనా అమ్మా?"

"మంచివే నర్సయ్యా."

"ఆ," అని తల దించుకున్నాడు.

గొయ్యి తవ్వడానికి జేసీబీకి కబురు పెట్టారు. అది వచ్చేలోపు సోమయాజిగారు జాకీ తీసుకుని ట్రైలర్‌కి చక్రాలు ఎక్కించసాగారు. ఇంకా పదకొండు గుర్రాలున్నాయి. హైమవతి నట్లు అందిస్తూ నిలబడింది. రెండో చక్రం ఎక్కాక అడిగింది.

"కారు టైర్లు వేసుకుని మెల్లగా పోయి ఉంటే?"

"దారిలో పోయేది."

"పాతవి వేసుకుని వేగంగా పోతే?"

"అవి పేలకపోయినా అంతే. పేగు అప్పటికే చచ్చిపోయింది. చిగుళ్లు ఊదారంగుకి తిరిగాయి."

ఆమె చేతిలోని నట్టు అలాగే ఉండిపోయింది. "అంటే షాపుకి వెళ్లకముందే మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి, నన్ను ఎంచుకోమన్నారా? మూడు గంటలు నేను ఆ బల్లమీద... ఎందుకు గురువుగారూ?"

ఆయన ఆమె చేతిలోంచి నట్టు తీసుకుని బిగించారు.

"నర్సయ్య ఎదురుగా నిలబడి, ఇక చేసేదేమీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా," అన్నారు. "మీ డాక్టర్లకి మాత్రం నోరు వచ్చి ఉంటుందంటావా?"