నిండు విస్తరి వ్రత కథ

అక్షతలు చేతబట్టుకొని, మాటలు మాని వినుడు.

పూర్వము వల్కల మహాముని మితాశన మహర్షిని చేరి, ఇంటిల్లిపాదికిని వండి వడ్డించు స్త్రీలే నడివయసు నాటికి రోగముల పాలగుటకు కారణమేమని, తరణోపాయమేమని అడిగెను. మితాశనుడు ఇట్లు చెప్పసాగెను.

కుముదావతీ నగరమున ధనగుప్తుడను వర్తకుడు కలడు. అతని భార్య హితశీల. అందరును భుజించునంతదాక ఆమె మెతుకు ముట్టెడిది కాదు. పొద్దు వాలిన పిమ్మట వంటింటి తలుపు చాటున నిలుచుండి, గిన్నె అడుగున చల్లారిన అన్నమును ఊరగాయతో తిని, పిల్లలు విడిచిన అరిసెలు పారవేయ మనసొప్పక అవియు తినెడిది. పప్పు, పెరుగు ఆమె వంతుకు వచ్చుట అరుదు. పెరటిలో తోటకూర ముదిరిపోయెడిది. పెరటి చెట్టు మందుకు రాదు గదా! ఇరుగుపొరుగువారు ఆమెను మెచ్చిరి, ఆమెయు మురిసెను. తనకు మాలిన ధర్మమునకు మెచ్చుకోలు ఎక్కువ.

ఒక్క పూట తిండి ఎవరినీ పడగొట్టదు. ఏండ్ల తరబడి అదే తీరు సాగగా హితశీలకు అరికాళ్లు తిమ్మిరెక్కెను, ఆయాసము వచ్చెను, కాలికి లేచిన పుండు మానకపోయెను. వైద్యులు వచ్చిరి, మందులిచ్చిరి, పథ్యము చెప్పిరి. ఆమె మందు మింగెను గాని తలుపు చాటు విడువలేదు.

శ్రావణమాసమున ఆమె గౌరీపూజ చేసి ముత్తైదువను భోజనమునకు పిలువగా, గౌరియే వృద్ధ ముత్తైదువ రూపమున వచ్చి పీటపై కూర్చుండెను. విస్తరి నిండ వడ్డించిన హితశీలను చూచి, “నువ్వెప్పుడు తింటావమ్మా?” అని అడిగెను.

“నాదేముందండీ, మిగిలింది తింటాను.”

దేవి విస్తరి ముందునుండి లేచెను. “ప్రతి ఇల్లాలిలోనూ నేనుంటానని పూజ చేస్తావు. పటంలో ఉన్న నాకు పరమాన్నం, నీలో ఉన్న నాకు మాడుచెక్కానా? నేను తినను.”

హితశీల ఆమె పాదములపై పడెను. దేవి కరుణించి వ్రతము ఉపదేశించెను. ఇల్లాలు అందరితో కలిసి పంక్తిలో కూర్చుండవలెను. ఆమె విస్తరిలో ఆకుకూర, పప్పు, కాయగూర, పెరుగు చాలినంత, అన్నము మితముగా, తీపి ప్రసాదమంత ఉండవలెను. పూట తప్పరాదు, వైద్యుని మందు మానరాదు. ఇది ఒకనాటి వ్రతము కాదు, బ్రతికినన్నాళ్లదని చెప్పి అంతర్ధానమయ్యెను.

హితశీల అట్లే చేసెను. నెలలు గడువగా పుండు మానెను, ఒంట సత్తువ కలిగెను. అంతలో కూతురి పెండ్లి వచ్చెను. “పెళ్లివారు తిన్నాక చూద్దాంలే,” అని ఆమె తన విస్తరిని వాయిదా వేసెను. పెండ్లి ముగిసినను వాయిదా ముగియలేదు. కొన్నేండ్లకు ఆమె మంచము పట్టెను.

కబురు విని కూతురు ఇందుముఖి వచ్చి, వండి, అందరికిని వడ్డించెను. హితశీల మంచముపైనుండి చూడగా, ఆ పిల్ల తలుపు చాటున నిలుచుండి గిన్నె అడుగు గోకుచుండెను. ఎవరును ఆమెకు నేర్పలేదు, తల్లిని చూచి నేర్చినది. హితశీల గుండె చెరువయ్యెను.

“గిన్నె కింద పెట్టవే తల్లీ! నేను తిన్న తిండి నువ్వు తినొద్దు!” అని కేకవేసి, లేవలేని కాళ్లతో లేచి, కూతురిని పంక్తిలో కూర్చుండబెట్టి తానును కూర్చుండెను. ఇక వడ్డించుటకు ఎవరును లేకపోయిరి. అంతట ధనగుప్తుడు సిగ్గుపడి గరిటె అందుకొనెను. సగము పప్పు ఒలకబోసెను, అయినను వడ్డించెను. ఆ దినము మొదలు ఆ ఇంట వ్రతము తప్పలేదు. హితశీల కోలుకొని, మనుమరాలి పెండ్లి పంక్తిలో కూర్చుండి తృప్తిగా భుజించెను.

కన్యలు, గర్భిణులు, బాలింతలు, ముట్లుడిగినవారు, భర్త ఉన్నవారు, లేనివారు, ఎల్లరును ఈ వ్రతము చేయవచ్చును. చేసినవారికి రక్తపుష్టి, ఎముక పుష్టి కలుగును. వ్యాధి గడప దాక వచ్చినను లోపలికి సులువుగా రాదు. దీనికి ఉద్యాపనము లేదు. ఈ కథ చదివిన గృహస్థు, అక్షతలు శిరమున ధరించుటకు మునుపు వంటింటి తలుపు చాటున చూడవలెను. అక్కడ ఎవరైనను నిలుచుండినచో, పుస్తకము మూసి, తానే విస్తరి వేయవలెను.