గింగిరయ్య పని చెప్పుకున్న రోజు

తుమ్మెదకోన అడవిలో ఎలుగులు, పందులు, కోతులు, కౌజుపిట్టలు, ఒక ముసలి ఉడుము, గింగిరయ్య అనే ముంగిస ఉండేవి.

"ఈ కోనలో నాకు రాని పని లేదు!" అని గింగిరయ్య రోజూ మీసం దువ్వేవాడు. నిజమే పాపం. రాని పని లేదు. నిలిచిన పనీ లేదు.

ఎలుగులతో తేనెకు వెళ్ళాడు, మానేశాడు. పందులతో దుంపలు తవ్వాడు, మానేశాడు. కోతులతో కొమ్మెక్కి కాపలా కాశాడు, అదీ మానేశాడు. ఇప్పుడు మీసం నెరిసింది, నడుము వంగింది. ఆవలింతలు మాత్రం పెరిగాయి.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. తొలి ఉరుము ఉరిమిన రోజున ప్రతి ఇంటి పెద్దా పెద్దబండ ఎక్కి, "నా పని ఇది" అని అందరి ముందూ చెప్పాలి. చెప్పినవాళ్ళకే వానాకాలమంతా గుహలో పొడి చోటు. కిందటేడు గింగిరయ్య బండ మీద నీళ్ళు నమిలాడు. ఆ వానలకు తడిసి చిన్నపిల్లకు పట్టిన దగ్గు ఇంకా వదల్లేదు.

"ఏమయ్యా, మబ్బు పడుతోంది," అంది భార్య చిట్టెమ్మ. కోపంగా అనలేదు. కోప్పడే ఓపిక ఎప్పుడో అయిపోయింది. "ఆ ఉడుమత్తనైనా అడిగి రాకూడదూ?"

ఏ పని చేయాలో తేలని వాళ్ళంతా ఉడుమత్త దగ్గరికే వెళ్ళేవారు. ఆమె ఎండలో రాయిని కరుచుకుని, కళ్ళు మూసుకునే వినేది.

"అత్తా, నాకు ఏ పని నప్పుతుందో చెప్పు."

"నప్పేది తర్వాత, అల్లుడూ. ఏ పని ఎందుకు మానేశావో చెప్పు."

"తేనె పనా... దారిలో పుట్టలెక్కువ."

"దుంపలు?"

"అక్కడ కన్నాలు."

"మరి కాపలా?"

"తీగలు వేలాడుతుంటాయత్తా. మెలికలు మెలికలుగా."

ఉడుమత్త ఒక కన్ను తెరిచింది. "పుట్టలు, కన్నాలు, మెలికలు. నువ్వు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

"అబ్బే, ఏం లేదు!" గింగిరయ్య ఛాతీ పొంగించాడు. "ముంగిసను కదా, పాములను తరిమే పనే పెట్టుకుంటాను."

"నువ్వు దాచుకున్నదానికి నేను సలహా ఇవ్వలేను. వెళ్ళిరా," అని ఆమె విసుగ్గా కన్ను మూసేసింది.

గింగిరయ్య వాగు ఒడ్డున కౌజుపిట్ట గూటికి కాపలా చేరాడు. ఎండ నడినెత్తికి రాకముందే "వామ్మో! పాము!" అని కేక పెట్టి పరుగందుకున్నాడు. ముళ్ళకంపలో దూరి, తోక మీది వెంట్రుకలు సగం అక్కడే వదిలేసి, ఉడుమత్త ముందు కూలబడ్డాడు.

"ఇక నావల్ల కాదత్తా."

"పామును చూశావా?"

"లేదు. వాసన తగిలింది. వాగు అవతల నుంచి."

అంతలో కౌజుపిట్ట రొప్పుతూ వచ్చింది. "అన్నా, నీ కేక విని పిల్లలను పొదల్లోకి దాటించాను. తర్వాత పాము వచ్చి, ఖాళీ గూడు చూసుకుని పోయింది!"

ఉడుమత్త ఈసారి రెండు కళ్ళూ తెరిచింది. "అంత దూరం నుంచి పాము వాసన ఇంకెవరికీ తెలియదు. కేకెయ్యడమే నీ పని."

"కేకేసి పారిపోవడం కూడా ఒక పనేనా?"

"పనే. కానీ బండ మీద మొత్తం చెప్పు. సగమే చెప్పావనుకో, రేపు నిన్ను పాము మీదికి తోస్తారు."

ఉరిమింది. గింగిరయ్య కాళ్ళీడ్చుకుంటూ బండ ఎక్కాడు. మీసం మీదికి చెయ్యి పోయింది. కింద చిన్నపిల్ల దగ్గింది. చెయ్యి దిగిపోయింది.

"పాము వాసన తగిలితే కేకేస్తాను. అదే నా పని. పోరాడలేను. నాకు పాములంటే భయం."

కోనంతా గొల్లున నవ్వింది.

"నవ్వండి, నవ్వండి," అంది కౌజుపిట్ట. "నా పిల్లలు బతికింది ఆ భయం వల్లే."

నవ్వులు ఆగాయి. గుహలో గింగిరయ్య ఇంటికి పొడి చోటు దొరికింది. బయట వాన కురుస్తుంటే ఓ కోతి మెల్లగా జరిగి వచ్చింది.

"నిజం చెప్పు మామా. అంత భయమా?"

గింగిరయ్య చుట్టూ చూశాడు. ఇక దాచే ఓపిక లేదు.

"మొన్న వానపామును చూసి చిట్టెమ్మ వెనక దాక్కున్నాను."

నీతి: ఏ పని చేయాలో తేలకపోతే సలహా అడగడం సిగ్గు కాదు, కానీ అసలు భయం దాచి అడిగితే ఎంత మంచి సలహాదారైనా ఏమీ చేయలేరు.