వేవిళ్ల మందు

రాళ్లగుట్ట మీద ఆ ఏడు పుట్టిన మేకపిల్లల్లో చాలావాటికి ముందుకాళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. గుట్ట మీద గడ్డి ఎండిపోతోంది. మంద అవతలి కొండకు కదలాలి. నడవలేని పిల్లల్నీ, వాటి తల్లుల్నీ ఇక్కడే వదిలేద్దామంది పెద్ద మేకపోతు.

"గ్రహణం పూట కడుపుతో తిరిగినవాళ్ల పాపం మందంతా మొయ్యాలా?" అంది.

ఆ గ్రహణం మాట పుట్టించింది నక్క వైద్యుడు. చూలు మేకలకు వేవిళ్లు తగ్గాలని మోదుగాకులో చుట్టి మందు ఉండలు ఇచ్చిందీ ఆ నక్కే.

ఆ తల్లుల్లో చుక్కమేక మాత్రం ఊరుకోలేదు. ఎద్దును బతిమాలి, తన పిల్లను దాని వీపు మీద ఎక్కించి ఎలుగుబంటి పంచాయతీకి వెళ్లింది. మందంతా వెంట వచ్చింది; నక్కనూ, దాని పెళ్లాన్నీ పిలిపించారు.

"గ్రహణం నాడు నేను గుహ దాటలేదు తాతా. మందు మాత్రం మింగాను. మింగనివాళ్ల పిల్లలు అదిగో, గెంతుతున్నాయి."

నక్క నవ్వింది. "గుహలోనే ఉన్నావు, సరే. కొమ్ములు గోడకు రాసుకున్నావా లేదా? గ్రహణం పూట అదీ దోషమే! నా మందు తేనె చెల్లీ. ఆకాశంలో జరిగినదానికి నా మీద పడతావేం?"

పోతు తలూపింది. తల్లులు తలలు దించుకున్నాయి.

చుక్కమేక మోదుగాకు పొట్లం విప్పింది. పక్కనే నక్క పెళ్లాం పొద్దుటినుంచీ కక్కుకుంటూ కూర్చుంది. అదీ చూలుతో ఉంది.

"తేనేనట వదినా. నీకూ వేవిళ్లేగా, తీసుకో."

"ఎన్నిసార్లు అడిగినా నాకు ఒక్కటీ ఇవ్వలేదమ్మా ఈయన. అడవంతటికీ వైద్యం, నాకు మాత్రం ఓర్చుకోమంటాడు" అంటూ ఆడనక్క ఉండను నోటిదాకా తెచ్చుకుంది.

నక్క ఎగిరి దాని మూతి మీద కొట్టింది.

"ముట్టుకోకు! నీ కడుపులో ఉన్నవి నా పిల్లలే!"

ఎద్దు నెమరు ఆపేసింది.

"అంటే... నీకు తెలుసా?" అంది ఆడనక్క. "తెలిసే వాళ్ల చేత మింగించావా?"

నక్క గొణిగింది. "నిరుడు కుందేళ్లకు అలా అయింది. అంతమాత్రాన మేకలకూ అవుతుందనుకున్నానా?"

చుక్కమేక కింద పడ్డ ఉండను తీసి తనే నమిలేసింది.

"భయపడకు వదినా, ఇది చింతచిగురు. ఆకు ఒక్కటే మీ ఆయనది. ఆ మందును ఇంకో కడుపులోకి నేను పంపుతానా?"

ఎలుగుబంటి లేచి నిలబడింది. "ఒరే నక్కా, ఇక నువ్వు ఎవరికీ మందు ఇవ్వకూడదు. ఈ పిల్లలు బతికినన్నాళ్లూ వాటికి మేత మోసుకురావాల్సింది నువ్వే. పోతూ, నువ్వన్న మాటకు నువ్వే జవాబు చెప్పు."

పోతు ముందుకొచ్చింది. "తప్పు మీది కాదమ్మా" అని తల్లులందరి ముందూ చెప్పి, చుక్కమేక పిల్ల దగ్గర మోకాళ్లు వంచింది. "ఎక్కరా, పోదాం."

ఆడనక్క మొగుడి వెంట ఇంటికి వెళ్లలేదు.

తన ఇంట్లోవాళ్లకు పెట్టని మందును పరాయివాళ్ల చేత మింగించేవాడు వైద్యుడు కాడు.