బల్ల మీద నిలవని బిళ్ళలు

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో కామాక్షి అని ఒకావిడ ఉండేది. వింటున్నావా? దుప్పటి తన్నకు, ఊఁ కొట్టు.

ఆవిడ నాన్న బ్రహ్మలింగం వడ్రంగి. కూతురి గృహప్రవేశానికి టేకుచెక్కతో ఒక బల్ల చేసి ఇచ్చాడు. మొహం కనపడేంత నున్నగా ఉండేది. ఆ తర్వాత ఆయనకి చెయ్యి వణకడం మొదలై, ఉలి పక్కన పెట్టేశాడు. ఆయన చేసిన ఆఖరి బల్ల అదే. అందుకే కామాక్షికి అదంటే ప్రాణం.

ఆ ఇంట్లోవాళ్ళకి పట్టింపు ఉంటేగా! పొగలు కక్కే గ్లాసు తెచ్చి టక్కున బల్ల మీద పెట్టేవాళ్ళు. తీస్తే కింద తెల్లగా, గుండ్రంగా మచ్చ. కామాక్షి కొబ్బరినూనె రాసి రుద్దేది. అరిచింది, బతిమాలింది, అలిగింది. ఊఁహూఁ, వింటేనా!

ఇంతలో నాన్న వస్తున్నానని కబురు పంపాడు. ఈ మచ్చలు చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమనదూ?

అప్పుడు కొస వంకర తిరిగిన లేసు సూదీ, తెల్లదారం ఉండా తీసింది. గ్లాసుల కిందకి గుండ్రటి బిళ్ళలు అల్లింది. అంచుకి చిన్న చిన్న పూలు కూడా వేసింది. వాటిని బల్ల మీద పరిచి స్నానానికి వెళ్ళింది.

వచ్చి చూస్తే ఒక్కటీ లేదు! అత్తగారు బీరువాలో పెట్టి తాళం వేసేసింది. "ఇంత బాగున్నవి రోజూ వాడేస్తారటే? చుట్టాలొస్తే తీద్దాం" అంది. ఆవిడ కాఫీ గ్లాసు మాత్రం వట్టి బల్ల మీదే ఉంది. కామాక్షికి ఒళ్ళు మండిపోయింది.

సరే కదా అని మళ్ళీ అల్లింది, ఈసారి పచ్చదారంతో. అప్పుడు మొగుడు మాణిక్యాచారి వచ్చాడు. టీవీ మీద ఒకటి, రేడియో మీద ఒకటి, ఫోను కింద ఒకటి పరిచాడు.

"టీవీకి చలేస్తోందని మీతో చెప్పిందా అండీ?" అంది కామాక్షి.

"అందరికీ కనపడాలి కదే" అని ఆయన మురిసిపోతూ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఏమనాలి చెప్పు ఈ మనుషుల్ని!

ఆ తర్వాత మళ్ళీ సూది పట్టుకుంది. నాన్న బస్సు దిగే వేళకి ఒక్కటంటే ఒక్క ఎర్రబిళ్ళ అయింది.

నాన్న వచ్చాడు. వస్తూనే వణికే చేత్తో బల్లని తడిమాడు. కామాక్షి భోరుమంది. "నీ బల్లని పాడుచేశాం నాన్నా!"

ఆయన మచ్చల చుట్టూ వేలు తిప్పుతూ, "పాడేమిటే పిచ్చితల్లీ? ఇంతమంది కూచుని టీలు తాగారన్నమాట! నేను చేసిన బల్లలు కొన్నిళ్ళల్లో దుప్పట్లు కప్పుకుని మూలన పడున్నాయి. చూస్తే ఏడుపొస్తుంది" అన్నాడు.

కామాక్షి కళ్ళు తుడుచుకుని టీ తెచ్చింది. ఎర్రబిళ్ళ వేసి, "దీని మీద పెట్టుకో నాన్నా" అని జంతికల కోసం లోపలికి వెళ్ళింది.

వచ్చేసరికి గ్లాసు బల్ల మీద ఉంది! బిళ్ళేమో మడతపెట్టి ఆయన చొక్కా జేబులో ఉంది.

"నాన్నా, నువ్వు కూడానా!"

"నీ చేత్తో అల్లావు కదే. దాని మీద కాలే గ్లాసు పెట్టడానికి నాకు మనసెలా ఒప్పుతుంది?" అన్నాడు.

కామాక్షి నెత్తి కొట్టుకుంది. ఆయన వెళ్ళాక చూస్తే బల్ల మీద ఇంకో మచ్చ. పాత మచ్చలన్నీ రుద్దుతూనే ఉంది గానీ, ఆ ఒక్కదాని జోలికి ఎప్పుడూ పోలేదు.

ఏదీ, నీ పాలగ్లాసు ఎక్కడ పెట్టావ్? వట్టి బల్ల మీదా! మరి నేను అల్లిచ్చిన బిళ్ళేదే? బొమ్మకి దుప్పటిగా కప్పావా! రామ రామ, మీ వంశమంతా ఇంతేనటే? ఊఁ, కళ్ళు ముయ్యి.

కథ పోయె కంచికి,
గ్లాసు పోయె బిళ్ళకి,
చిట్టితల్లి కళ్ళు రెండూ
చక్కా పోయె నిద్దరకి!