కందిపప్పు మీద రాజద్రోహ నేరం

ఒకానొక రాజ్యం తన రాజధానిని ఎడ్లబండ్ల మీదికి ఎక్కించి, ఏటి ఒడ్డు నుంచి రాతికొండ మీదికి మకాం మార్చింది. ఎందుకంటే ఆ రాజ్యాన్నేలే ఉద్దండభూపతికి ఎత్తున కూర్చోవాలనిపించింది. ప్రజల్ని అడగలేదు. అడిగే అలవాటు ఆ రాజ్యంలో లేదు.

కోట బాగుంది. గాలి బాగుంది. నీళ్ళే బాగాలేవు. కొండ బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే సున్నపు తేట తాగినట్టుండేది. బిందెల అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. తలంటుకున్నవాళ్ళ జుట్టు కొబ్బరిపీచులా నిక్కబొడుచుకుంది. కందిపప్పు పూటంతా మరిగినా గింజకు గింజ విడిగానే ఉండేది.

జనం గొణిగారు. ఆ గొణుగుడు చెవిన పడి మంత్రి శరభయ్య ఒక శాసనం వేయించాడు. "కొత్త రాజధానిలో ఏదీ పాత రాజధాని కంటే తక్కువ కాదు. తక్కువన్నవారు కోట విడిచి పోవాలి."

మర్నాటి నుంచి వీధుల్లో అంతా సంతోషమే.

"ఏం నీళ్ళు వదినా, అమృతం!"

"అవును వదినా, ఒక్క గుక్క తాగితే చాలు, రెండోది అడగబుద్ధి కాదు!"

ఈ సంతోషంలో చిక్కుకున్న మనిషి పేరిందేవి. ఇరవై ఏళ్ళుగా రాజుగారి వంటశాల పెద్ద ఆమే. రాజుగారికి ముద్దపప్పు లేకుండా ముద్ద దిగదు. ఆ పప్పేమో ఉడకదు.

కోటకు కూరగాయలు తెచ్చే కొండవాసి కొమ్మక్క ఆమె పాట్లు చూసి నవ్వింది. "ఈ నీళ్ళతో మేం పప్పు వండం తల్లీ. జొన్నరొట్టె, పచ్చడి. అంతే."

"ఆ మాట ముందే చెప్పొద్దూ?"

"మమ్మల్ని ఎవరడిగారు?"

ఒకరోజు భోజనంలో రాజుగారి పంటి కింద పప్పు టక్కుమంది. అప్పటికప్పుడు పేరిందేవిని సభకు పిలిపించారు. ఆమె పప్పు గిన్నె చేత పట్టుకునే వెళ్ళింది.

శరభయ్య లేచాడు. "ప్రభూ, మా ఇంట పప్పు వెన్నలా ఉడుకుతోంది. అదే అంగడి పప్పు, అవే చితుకులు. కనక తప్పు ఈమె చేతిది. ముసలిదైంది, సాగనంపండి."

"ఏమంటావు పేరిందేవీ?" అన్నాడు రాజు.

ఆమె తనలో తాను లెక్క చూసుకుంది. పప్పు ఒకటే, చితుకులూ ఒకటే. మిగిలింది నీళ్ళు. నీళ్ళ మాట ఎత్తితే శాసనం కోట దాటిస్తుంది, ఎత్తకపోతే మంత్రి దాటిస్తాడు. ఒకసారి సభ నలుమూలలా చూసింది. సేనాపతి నుంచి పురోహితుడి దాకా అందరి తలలూ కొబ్బరిపీచే. శరభయ్య జుట్టు మాత్రం నల్లగా, నున్నగా, భుజాల మీద పట్టుకుచ్చులా జారుతోంది.

"ప్రభూ, తప్పు నాది కాదు. తప్పు దీనిది," అంటూ పప్పు గిన్నె సింహాసనం ముందు పెట్టింది. "దీని మీద రాజద్రోహం కింద ఫిర్యాదు చేస్తున్నాను."

"పప్పు మీదా?"

"పప్పు మీదే. తమరి నీళ్ళు అమృతమని ఊరంతా ఒప్పుకుంది. ఇదొక్కటే ఒప్పుకోవడం లేదు. తెల్లవారినప్పటి నుంచి అమృతంలో మరుగుతోంది, అయినా మెత్తబడదే! ఎంత పొగరు! శాసనం ప్రకారం దీన్ని కోట దాటించాలి."

సభలో ఎవరో వచ్చిన నవ్వును దగ్గు కింద మార్చుకున్నాడు.

"కాని ప్రభూ," అంది పేరిందేవి, "కోట దాటించే ముందు బుద్ధి మారే అవకాశం ఇవ్వాలి కదా. మంత్రిగారింట పప్పుకు రాజభక్తి బాగా వంటబట్టినట్టుంది. మన పప్పును కూడా ఒక్క పూట అక్కడ ఉంచితే..."

"నా వంటింట్లోకి కోట మనుషులా!" శరభయ్య గొంతు చించుకున్నాడు.

రాజు అతనివైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. "పప్పు వెళుతోందయ్యా, దండు కాదు. తీసుకెళ్ళండి."

"అక్కడి కుండలోని నీళ్ళతోనే ఉడకనివ్వండి నాయనా," అని పేరిందేవి భటులతో చెప్పింది. "వచ్చేటప్పుడు ఆ కుండలోవే ఒక చెంబెడు తీసుకురండి. ప్రభువు తిన్నాక దాహమేస్తుంది."

పొద్దు వాలేసరికి పప్పు తిరిగొచ్చింది. గరిట పెడితే కూరుకుపోయింది. రాజు ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. చెంబెత్తి ఒక గుక్క తాగి ఆగిపోయాడు. కళ్ళు మూసుకుని చెంబు మొత్తం ఖాళీ చేశాడు.

"ఇవి ఏ బావివి?"

"నేను చెప్పలేను ప్రభూ. శాసనం ఉంది."

"నువ్వు చెప్పేదేమిటి, నేను చెబుతాను! ఇవి మన ఏటి నీళ్ళు! చిన్నప్పుడు ఈత కొడుతూ తాగిన నీళ్ళు! ఈ కొండ బావి కషాయం వీటి కాలిగోటికైనా..."

"మెల్లగా ప్రభూ, మెల్లగా," అంది పేరిందేవి చుట్టూ చూస్తూ. "భటులున్నారు. మిమ్మల్ని కోట దాటించేస్తారు."

రాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. తర్వాత ఆయన పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, ఆఖరికి కిరీటం ఒరిగిపోయేలా పగలబడి నవ్వాడు. సేనాపతి నవ్వాడు. ఇందాకటి దగ్గు కూడా బాహాటంగా నవ్వేసింది.

"ఎన్నాళ్ళుగా తెప్పించుకుంటున్నావయ్యా?" అని రాజు మంత్రిని అడిగాడు.

"శాసనం వేయించిన రోజు నుంచీ, రోజుకో బండి ప్రభూ," అన్నాడు శరభయ్య నేల చూస్తూ.

శాసనపు రాగిరేకును అక్కడే కరిగించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి పేరిందేవి చేతిలో పెట్టాడు. "గరిట నీదే. ఇంకేం కావాలో కోరుకో."

"ఏటి నుంచి ఆ బండి రోజూ ఎలాగూ వస్తోంది ప్రభూ," అందామె. "ఒక్క ఇంటి ముందే ఎందుకు ఆగాలి? బండ్లు పెంచండి. కొమ్మక్క గుడిసె నుంచి మొదలుపెట్టి పైకి రానివ్వండి. కోట ఆఖర్న."

"కోట ఆఖర్నా?"

"వాళ్ళను ఇంతవరకూ ఎవరూ అడగలేదు ప్రభూ."

రాజు మరోసారి నవ్వి, అలాగే అన్నాడు. ఆ వారంలోనే కొండవాలు గుడిసెల్లో మొట్టమొదటిసారి కందిపప్పు ఉడికింది. కోటకు బండి వచ్చేదాకా రాజుగారు జొన్నరొట్టె, పచ్చడి తిన్నారు. అదీ బాగానే ఉందన్నారు.