ముళ్లకు నిలవని కట్టు

అనగనగా ఓ కొండ అడవిలో జంతువుల ఆసుపత్రి ఒకటి ఉండేది పిల్లలూ. అక్కడ డాక్టరు కొంగమ్మ. సరుకుల గది మాత్రం ముళ్లపంది సూరమ్మ చేతిలో ఉండేది. సూరమ్మకు ఒళ్లంతా అనుమానమే. గాలికి ఆకు కదిలినా "ఎవరది?" అని ముళ్లు నిక్కబొడుచుకునేది.

ఒకనాడు గిజిగాడు నార కట్లు అల్లి తెచ్చాడు.

"అత్తా, ఇవి ఎవరి ఒంటికి కడతారు? ఒక్కసారి లోపలికొచ్చి చూస్తే సరిపడేలా అల్లుతాను" అన్నాడు.

'లోపల కదల్లేనివాళ్లు ఎవరో చూసి నక్కకు చెప్పడానికే ఈ వేషాలు' అనుకుంది సూరమ్మ. "తెచ్చింది అక్కడ పెట్టి వెళ్లు" అని తలుపు వేసేసింది.

మర్నాడు తేనెటీగ వచ్చింది.

"పిన్నీ, పుండ్లకు పూసే తేనె వానాకాలానికి ఎంత కావాలి? ఇప్పుడే చెబితే పక్కన పెడతాను. వానలు పడితే పూలు దొరకవు" అంది.

'అవసరం తెలిస్తే బెట్టు చేద్దామని చూస్తోంది' అనుకుంది సూరమ్మ. "కావలసినప్పుడు కబురు పెడతాంలే" అంది.

మూడోనాడు కొంగమ్మే అడిగింది. "సూరమ్మా, సరుకు తెచ్చేవాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడకూడదూ?"

'ఈవిడా వాళ్లతో కలిసిపోయిందన్నమాట!' సూరమ్మ గదికి ఇంకో గడియ పెట్టించింది.

వానలు పడ్డాయి. కొండ మీంచి రాయి దొర్లి సూరమ్మ కూతురు బుల్లెమ్మ వీపు చీరుకుపోయింది. కొంగమ్మ కట్టు కట్టింది. ముళ్లు గుచ్చుకుని అది చిరిగింది. ఇంకోటి కట్టింది. అదీ చిరిగింది. మూడోదీ అంతే. తేనె కుండ చూస్తే ఖాళీ.

"అమ్మా, నొప్పే" అని ఏడ్చింది బుల్లెమ్మ.

సూరమ్మ వానలోనే గిజిగాడి గూటికి పరుగెత్తింది. "నాయనా, లోపలికి రా. నా బిడ్డను చూడు" అని బతిమాలింది.

గిజిగాడు వచ్చి చూశాడు. ముళ్లు బయటికి వచ్చేలా కన్నాలుంచి, వలలా కట్టు అల్లాడు. నెత్తురు ఆగింది.

"కట్టు ఎవరి ఒంటికో ముందే చెప్పి ఉంటే ఇది ఎండాకాలంలోనే అల్లి ఇచ్చేవాణ్ణి అత్తా" అన్నాడు.

తేనె మాత్రం దొరకలేదు. "ఒక్క చుక్క మిగల్లేదు పిన్నీ" అని తేనెటీగ దిగులుపడింది. బుల్లెమ్మ బతికింది. కానీ పుండు చీము పట్టి, మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ చోట మళ్లీ ముళ్లు మొలవలేదు.

అప్పట్నించీ ఏటా ఎండలు ముదరకముందే సూరమ్మ సరుకు తెచ్చేవాళ్లందర్నీ లోపలికి పిలిచేది. వాళ్లు ఏదైనా అడిగితే అనుమానం ఇంకా లేచేది. అప్పుడు కూతురి వీపు వంక చూసి, ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పేది.

నీతి: సరుకు తెచ్చేవారికి మన అవసరం ముందే చెప్పాలి. అనుమానంతో దాచిపెడితే, కష్టం వచ్చినప్పుడు నొప్పి పడేది మనవాళ్లే.